విషవాయువు ముందుగా ఎవరి వాకిట ఆగుతుంది?

(తిరుపతిలో జరిగిన ఒక సదస్సులో విశ్రాంత రసాయనశాస్త్ర ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



మైనారిటీ హక్కుల సదస్సులో గాలిని గురించి మాట్లాడతానని నేను చెప్పినప్పుడు నిర్వాహకులలో ఒకరు కొంత సంకోచించారు. ఉద్యోగాలు, రిజర్వేషన్లు, వక్ఫ్ ఆస్తులు, స్కాలర్‌షిప్పులు మన విషయాలు. గ్యాసు గొట్టాలు, పొగ గొట్టాలు ఇంజనీర్ల విషయాలు కదా అన్నారు. ఆ సందేహం సహజమే. 2006లో సచార్ కమిటీ మన చదువులను, కొలువులను, బ్యాంకు రుణాలను లెక్కించింది. మనం పీల్చే గాలిని కూడా లెక్కించమని ఆ కమిటీని ఎవరూ అడగలేదు. అడగాలని మనకూ తోచలేదు. దూదేకుల వృత్తిలో తరతరాలుగా దూది నుసి పీల్చి ఊపిరి కోల్పోయిన కుటుంబాలు ఈ సభలోనే ఉన్నాయి. అయినా మనం దానిని విధి అన్నాం గాని హక్కుల సమస్య అనలేదు.

నేను ముప్పై ఏళ్లు పిల్లలకు రసాయనశాస్త్రం చెప్పాను. అందుచేత మొదట ఒక చిన్న పాఠం చెప్పి, ఆ తరువాత విషయంలోకి వస్తాను. గాలి సగటు అణుభారం సుమారు 29. మీథేన్ 16, అమోనియా 17. ఇవి గాలికంటె తేలిక. హైడ్రోజన్ సల్ఫైడ్ 34, వంటగ్యాసులోని ప్రొపేన్ 44, బ్యూటేన్ 58, భోపాల్‌లో వెలువడిన మిథైల్ ఐసోసైనేట్ 57, విశాఖలో వెలువడిన స్టైరీన్ 104. ఇవన్నీ గాలికంటె బరువైనవి. బరువైన వాయువు పైకి పోదు. నీటివలె పల్లానికి జారుతుంది, గుంటలో నిలుస్తుంది, చాపమీద పడుకున్నవారి ముక్కు ఎత్తులో పారుతుంది. ఇక మన ఊళ్లలో పల్లాన ఎవరుంటారు? చెరువు కట్ట కింద, వాగు ఒడ్డున, కాలువ గట్టున, ఊరి మురుగు చేరే చోట గుడిసెలు వేసుకున్నవారెవరు? ఆ ప్రశ్నకు జవాబు మీ అందరికీ తెలుసు. వాయువుకు కులం, మతం ఉండవంటారు. వాస్తవమే. కాని స్థలానికి ఉన్నాయి.

నా చిన్నతనంలో మా వీధికి దగ్గరలో ఒక ఐసు ఫ్యాక్టరీ ఉండేది. ఒక వేసవి రాత్రి దాని గొట్టం పగిలి అమోనియా బయటికి వచ్చింది. కళ్లు మండి లేచాము. అమ్మ ఏమీ చదువుకోలేదు. కాని తన ఓణీని బిందెలో ముంచి మా ముఖాలకు అదిమిపెట్టింది. అమోనియా నీటిలో విరివిగా కరుగుతుందని నేను కళాశాలలో నేర్చుకున్నది ఆ తరువాత పదేళ్లకు. ఆ రాత్రి యజమాని మేడకు ఏమీ కాలేదు. అది గాలి వచ్చే వైపున ఉంది. మా వీధి, మా వెనుకనున్న ఎరుకల గుడిసెలు గాలి పోయే వైపున ఉన్నాయి. మేడను అక్కడ కట్టినవారికి గాలి ఎటు వీస్తుందో ముందే తెలుసు. ఇది నేరమని నేననను. కాని ఎంచుకునే అవకాశం ఒకరికి ఉండి మరొకరికి లేకపోవడమే ఈ ప్రసంగానికి విషయం.

భోపాల్‌ను గురించి చెప్పకుండా ఈ మాట ముందుకు సాగదు. 1984 డిసెంబరు 2, 3 తేదీల నడిరాత్రి యూనియన్ కార్బైడ్ పురుగుమందుల కర్మాగారం నుంచి విషవాయువు వెలువడింది. అది ముందుగా చేరినది కర్మాగారం గోడకు ఎదుటనున్న జయప్రకాశ్ నగర్‌కు, కాజీ క్యాంపుకు, పాత నగరపు ఇరుకు గల్లీలకు. కూలీలు, రిక్షా తొక్కేవారు, బీడీలు చుట్టే స్త్రీలు, పేద ముస్లిములు, పేద హిందువులు పక్కపక్కన బతికిన వాడలవి. 1989లో 47 కోట్ల డాలర్లకు ప్రభుత్వం, కంపెనీ రాజీ కుదుర్చుకున్నాయి. ఆ పరిహారం చాలదని వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2023 మార్చిలో తోసిపుచ్చింది. ముప్పై ఎనిమిదేళ్ల తరువాత!

అయితే భోపాల్‌లో మనం నేర్చుకోవలసినది మరొకటి ఉంది. తానే బాధితుడైన అబ్దుల్ జబ్బార్ అక్కడి స్త్రీలను కూడగట్టి సంఘం నిర్మించారు. దయాదానం కాదు, ఉపాధి కావాలన్నది వారి వాదన. ఆయన 2019 నవంబరులో పేదవాడిగానే కన్నుమూశారు. మరుసటి ఏడాది ఆయన పేరిట పద్మశ్రీ ప్రకటించారు. రషీదా బీ, చంపాదేవి శుక్లా అనే ఇద్దరు కార్మిక స్త్రీలు కలిసి చేసిన పోరాటానికి 2004లో గోల్డ్‌మన్ పర్యావరణ పురస్కారం లభించింది. ఆ రెండు పేర్లను పక్కపక్కన పెట్టి చూడండి. విషవాయువు ఒకే వాడలో పడవేసినవారు ఒకే వేదికపై నిలబడ్డారు.

ఇక మన తెలుగునేలకు వద్దాం. కృష్ణా గోదావరి బేసిన్ గ్యాసు మనకు గర్వకారణమని పాఠ్యపుస్తకంలో నేనే చెప్పాను. ఆ గర్వాన్ని మోస్తున్నది కోనసీమ పల్లెలు. 1995 జనవరి 8న పాశర్లపూడి వద్ద 19వ నంబరు బావి పేలి అంటుకుంది. 65 రోజులు మండింది. విదేశీ నిపుణులు వచ్చి మార్చి మధ్యలో దానిని అదుపు చేయగలిగారు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో తాటిపాక నుంచి కొండపల్లి వైపు పోయే 18 అంగుళాల గొట్టం పగిలింది. గ్యాసు ఊరంతా పరచుకున్నాక నిప్పు తగిలింది. 20 మందికి పైగా మరణించారు. కొబ్బరిచెట్లు నిలువునా మసి అయ్యాయి. పొడి గ్యాసు కోసం ఉద్దేశించిన గొట్టంలో నీరు, కండెన్సేట్ కలిసిన తడి గ్యాసును పంపినందున అది లోపలినుంచి తుప్పు పట్టిందని విచారణలో తేలింది. దైవఘటన అనడానికి ఇందులో ఏమీ లేదు. తుప్పుకు సమయం పడుతుంది. చూసేవారికి ఆ సమయం దొరికింది.

పేలుడు వార్త అవుతుంది. మంట వార్త కాదు. గ్యాసు సేకరణ కేంద్రాల వద్ద పొడవైన గొట్టం చివర రాత్రింబవళ్లు మండే జ్వాలను మీలో కొందరు చూసి ఉంటారు. గ్యాసు పూర్తిగా మండితే బొగ్గుపులుసు వాయువు, నీటి ఆవిరి మిగులుతాయి. ఇది పుస్తకంలోని సమీకరణం. గాలి బలంగా వీచినప్పుడు, గ్యాసులో బరువైన ద్రవాలు కలిసినప్పుడు అది పూర్తిగా మండదు. మసి, నత్రజని ఆక్సైడ్లు, మండని మీథేన్ మిగిలిపోతాయి. కండెన్సేట్ తొట్ల నుంచి, గ్యాసును ఆరబెట్టే యంత్రాల నుంచి బెంజీన్ ఆవిరి వస్తుంది. బెంజీన్ రక్తపు క్యాన్సరుకు కారణమన్నది స్థిరపడిన విషయం. నత్రజని ఆక్సైడ్లు, ఈ ఆవిరులు ఎండలో కలిసి ఓజోన్‌గా మారతాయి. మన ఎండల సంగతి చెప్పనక్కరలేదు. ఇవేవీ ఒక్క రాత్రిలో చంపవు. అందుచేత వీటికి ఎక్స్‌గ్రేషియా ఉండదు, మంత్రుల పరామర్శ ఉండదు.

నైజీరియాలోని నైజర్ డెల్టా ప్రజలు ఈ మంటల కిందనే రెండు తరాలు పెంచారు. 2005 నవంబరులో అక్కడి బెనిన్ నగరపు ఫెడరల్ హైకోర్టు గ్యాసును ఇలా మండించడం జీవించే హక్కుకు భంగమని తీర్పు చెప్పింది. అమెరికాలో నార్త్ డకోటా రాష్ట్రంలో మాండన్, హిడాట్సా, అరికారా తెగల రిజర్వేషన్ నేలమీద ఇవే జ్వాలలు. ఖండం ఏదైనా, గొట్టం ఎక్కడ పాతాలన్న పటం గీసేవారి వేలు ఎప్పుడూ బలహీనుడి నేలమీదనే ఆగడం చూస్తుంటే ఇది భూగర్భశాస్త్రం ఒక్కటే కాదని తెలుస్తుంది.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖ వద్ద ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ వెలువడి 12 మంది మరణించారు. అణుభారం 104 అని ఇందాక చెప్పాను. గాలికంటె మూడున్నర రెట్లు బరువు. పరుగెత్తినవారు వీధుల్లోనే, కాలువల పక్కనే పడిపోయారు. సైరన్ మోగలేదు. ఎటు పరుగెత్తాలో ఎవరూ ముందుగా చెప్పలేదు. లాక్‌డౌన్ తరువాత తిరిగి మొదలుపెట్టే వేళ తొట్టిలోని రసాయనం వేడెక్కింది. ఆ కర్మాగారం సంవత్సరాల తరబడి కేంద్ర పర్యావరణ అనుమతి లేకుండా నడిచినదని ఆ తరువాతనే లోకానికి తెలిసింది.

ఇవన్నీ కోస్తా సంగతులు, మా చిత్తూరుకేమి అనుకోవద్దు. అదే 2020 ఆగస్టులో పూతలపట్టు మండలం బండపల్లి వద్ద ఒక పాల డెయిరీలో అమోనియా వెలువడి పదిమందికి పైగా కార్మికులు ఆసుపత్రి పాలయ్యారు. వారిలో ఎక్కువమంది స్త్రీలు. అంతకు రెండేళ్ల ముందు, 2018 ఫిబ్రవరిలో, పలమనేరు మండలం మొరంలో ఒక కోళ్ల హేచరీలో మురుగు తొట్టిని శుభ్రం చేయడానికి దిగినవారు, వారిని కాపాడబోయినవారు కలిసి ఏడుగురు ఊపిరాడక మరణించారు. మనిషిని మురుగు తొట్టిలోకి దింపరాదని 2013 చట్టం చెబుతున్నది. ఇటువంటి మరణానికి 30 లక్షలు చెల్లించాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. హైడ్రోజన్ సల్ఫైడ్ లక్షణం ఒకటి చెబుతాను, గుర్తుంచుకోండి. కొద్దిగా ఉన్నప్పుడు కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. ఎక్కువైనప్పుడు అది వాసన పసిగట్టే నరాన్నే మొద్దుబారుస్తుంది. వాసన పోయింది గనుక ప్రమాదం పోయిందనుకొని దిగినవాడు తిరిగి రాడు. పాలారు తీరంలోని రాణిపేట, ఆంబూరు, వాణియంబాడి తోళ్ల కర్మాగారాల తొట్లలో మన బంధువులు పనిచేస్తున్నారు. వారికి ఈ ఒక్క వాక్యం చేరవేయండి. ఆ తోళ్ల మురుగు కేసులోనే 1996 ఆగస్టులో సుప్రీంకోర్టు ముందుజాగ్రత్త సూత్రాన్ని, కాలుష్యం చేసినవాడే చెల్లించాలన్న సూత్రాన్ని మన చట్టంలో భాగంగా ప్రకటించింది. అంతకు పదేళ్ల ముందు, ఢిల్లీలో ఓలియం వాయువు వెలువడిన కేసులో, ప్రమాదకరమైన పరిశ్రమ నడిపేవాడు ఏ సాకూ చెప్పకుండా సంపూర్ణ బాధ్యత వహించాలని అదే న్యాయస్థానం చెప్పింది. తీర్పులకు కొరత లేదు.

కొరత ఎక్కడుందో చెబుతాను. గ్యాసు గొట్టాలకు భూమి తీసుకునే చట్టం 1962 నాటిది. దాని ప్రకారం భూమి యజమానిదే. కంపెనీకి దక్కేది గొట్టం వాడుకునే హక్కు. ఆ పట్టీమీద ఇల్లు కట్టరాదు, బావి తవ్వరాదు, చెట్టు నాటరాదు. అందుకు ఇచ్చేది భూమి మార్కెట్ విలువలో 10 శాతం. పట్టా ఉన్నవానికి ఆ పదిశాతమైనా వస్తుంది. కౌలుకు చేసేవానికి? మన ముస్లిం కుటుంబాలలో సొంత భూమి లేక కౌలుమీద బతికేవారు తక్కువేమీ కాదు. పంటకు నష్టం వచ్చినప్పుడు అడగడానికి కౌలు కార్డు కావాలి. 2019 చట్టం ప్రకారం ఆ కార్డుకు యజమాని సమ్మతి కావాలి. యజమాని సంతకం పెట్టడు. ఇక చెరువు పోరంబోకులో గుడిసె వేసుకున్న యానాదికి ఏ కాగితమూ లేదు. కాగితం లేనివాడు పరిహారపు లెక్కలోకి రాడు. ప్రమాదపు లెక్కలోకి మాత్రం అందరికంటె ముందే వస్తాడు.

యానాదులు 2011 జనాభా లెక్కల ప్రకారం అయిదు లక్షలకు పైగా ఉన్నారు. గూడూరు, సూళ్లూరుపేట, నాయుడుపేట, శ్రీకాళహస్తి ప్రాంతాలు వారి నివాసాలే. సత్యవేడు, తడ ప్రక్కన శ్రీసిటీ, నాయుడుపేట వద్ద మేనకూరు, ఏర్పేడు, గాజులమండ్యం పారిశ్రామికవాడలు వచ్చిన నేల కూడా ఇదే. గిరిజనులకు 1996 పెసా చట్టం ఉంది కదా, గ్రామసభ అడ్డుకోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. ఆ చట్టం షెడ్యూల్డు ప్రాంతాలకే వర్తిస్తుంది. మన రాష్ట్రంలో అవి శ్రీకాకుళం నుంచి గోదావరి జిల్లాల దాకానున్న ఏజెన్సీ కొండలు. మైదానంలోని యానాదికి, ఎరుకలకు, సుగాలీకి తెగ గుర్తింపు ఉంది గాని, నేలమీద ఆ రక్షణ లేదు. ఇక మిగిలినది ప్రజాభిప్రాయ సేకరణ. 2006 నోటిఫికేషన్ ఇచ్చిన ఆ కిటికీని కూడా కొంత మూశారు. నేలమీద చమురు, గ్యాసు అన్వేషణ బావులను 2020 జనవరిలో బి-2 తరగతికి మార్చారు. ఆ తరగతికి బహిరంగ విచారణ అక్కరలేదు.

కొలత సంగతి కూడా ఇటువంటిదే. చిత్తూరు పట్టణం జాతీయ స్వచ్ఛ గాలి పథకపు జాబితాలో ఉంది. చిత్తూరులో గంగినేని చెరువు వద్ద, ఇక్కడ తిరుమలలో నిరంతరం గాలిని కొలిచే యంత్రాలున్నాయి. మంచిదే. యాత్రికుల గాలి, పట్టణవాసుల గాలి అంకెలుగా మారి తెరమీదికి వస్తుంది. మేనకూరు గాలి ఆ అంకెలో లేదు. అంకె లేని చోట ఫిర్యాదు పుకారు అవుతుంది.

గ్యాసు వద్దని నేను చెప్పడంలేదు. అలా అపార్థం చేసుకోవద్దు. కట్టెల పొయ్యి పొగ మా జేజి కళ్లను తినేసింది. 1999లో దీపం పథకం వచ్చినప్పుడు, 2016లో ఉజ్వల వచ్చినప్పుడు సంతోషించినవారిలో నేనూ ఉన్నాను. కాని సిలిండరు నింపించుకునే స్తోమత లేక మళ్లీ కట్టెలకు పోయే గుడిసె పక్కనుంచే ఎవరి కోసమో గ్యాసు గొట్టం పోవడం, ఆ గొట్టపు ప్రమాదం మాత్రం ఆ గుడిసెకే మిగలడం, దీనిని అభివృద్ధి అనడానికి నాకు నోరు రావడంలేదు.

కొన్నేళ్ల కిందట శ్రీకాళహస్తికి తూర్పున ఒక మండలంలో ఒక రసాయన పరిశ్రమ విస్తరణకు ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. తెలుగులో ఇచ్చిన సంక్షిప్త నివేదికను ముందుగానే తెప్పించి చదివాను. పది కిలోమీటర్ల పరిధిలో సున్నిత ప్రదేశాల పట్టిక ఉంది: పాఠశాల, ఆరోగ్య కేంద్రం, రెండు దేవాలయాలు, ఒక దర్గా. మన దర్గా పేరు చూసి నాకు సంతోషం కలిగింది. ఈసారి మనలను మరవలేదే అనుకున్నాను. మరునాడు ఆ స్థలానికి వెళ్లి చూశాను. ప్రహరీకి అతి దగ్గరలో కుంట గట్టు మీద ఇరవై మూడు యానాది గుడిసెలున్నాయి. పట్టికలో వాటి ప్రస్తావన లేదు. మన పేరు ఉన్నది గనుక పట్టికను నమ్మినవాడిని నేనే. ఈ సభలో ఆ మాట ఒప్పుకోవడం అవసరమనిపించింది.

విచారణనాడు నాయకులు మాట్లాడారు, ఉద్యోగాలడిగారు. మన కమిటీ తరఫున దర్గాకు రోడ్డు అడిగారు. చివరగా ఆ గుడిసెల నుంచి వచ్చిన ఒక స్త్రీకి మైకు అందింది. "రాత్రిపూట కంపొస్తే యా దిక్కుకు పరిగెత్తల్ల సామీ?" అని అడిగింది. అంతే. ఆ రోజు అడిగిన ప్రశ్నలలో చట్టం కోరినది అదొక్కటే. 1989 నిబంధనల ప్రకారం ప్రమాదం జరిగితే ఏమి చేయాలో చుట్టుపక్కలవారికి ముందుగా తెలపడం పరిశ్రమ నిర్వాహకుడి విధి. పరిశ్రమ వెలుపలి అత్యవసర ప్రణాళిక తయారుచేయడం జిల్లా యంత్రాంగం విధి. 1996 నిబంధనల ప్రకారం స్థానిక సంక్షోభ బృందం ఉండాలి. కొన్ని వారాల తరువాత వచ్చిన మినిట్సులో ఆమె ప్రశ్న ఇలా నమోదైంది: స్థానిక మహిళ ఒకరు భద్రత గురించి మాట్లాడారు. ఎదుటి గడిలో: నిబంధనల ప్రకారం చర్యలు తీసుకొనబడును.

నేను తిరిగి ఆ గట్టుమీదికి వెళ్లి నాకు తెలిసినంత చెప్పాను. గాలికి ఎదురుగా పోతే వాయువులోకే పోతారు, గాలి వెంట పోతే వాయువు మీ వెంట వస్తుంది. గాలికి అడ్డంగా, మెరక వైపు పోవాలి. తడిగుడ్డ ముక్కుకు పట్టుకోవాలి, దీపం వెలిగించరాదు. వారు శ్రద్ధగా విన్నారు. ఒక ముసలాయన లేచి, గాలికి అడ్డంగా మెరక వైపు చూపించాడు. అటు పోయే ఒకే ఒక బాటకు కంచె వేసి గేటు పెట్టారు. చీకటి పడితే దానికి తాళం వేస్తారు.

ఆ గేటు తాళం చెవి రాత్రిపూట ఎవరి దగ్గర ఉంటుందని, ఆ ఇరవై మూడు గుడిసెలు అత్యవసర ప్రణాళికలో ఉన్నాయా లేవా అని అడుగుతూ ఒక అర్జీ రాశాను. ఇప్పటివరకు దానిమీద ఆ గుడిసెలవారి వేలిముద్రలు, నా సంతకం ఉన్నాయి. వచ్చే సోమవారం కలెక్టరేట్‌లో ఇస్తాము. దర్గా కమిటీ పెద్దలు ఈ సభలో ముందు వరుసలోనే ఉన్నారు. అర్జీ ఇక్కడ నా సంచిలో ఉంది.